మా ఇంటి గుండె

సెయింట్ జాన్స్,
అక్టోబర్ 9

శ్రీ ఎల్డన్ డర్న్‌ఫర్డ్ గారికి,

నమస్కారం. మన ద్వీపంలో కొన్ని కుటుంబాల్లో తరతరాలుగా వస్తున్న గుండె జబ్బు మీద మా బృందం పరిశోధన చేస్తోంది. మీ తండ్రిగారు నలభయ్యో ఏట, మీ అన్నగారు ఇరవై ఏడో ఏట హఠాత్తుగా మరణించినట్టు మా రికార్డుల్లో ఉంది. ఒక రక్తపరీక్షతో ఈ జబ్బు మీకు వచ్చిందో లేదో తెలుసుకోవచ్చు. ఇలాంటి కుటుంబాల్లో మనుషుల గుండె ఎలా ఉందన్నదే కాక, మనసు ఎలా ఉంటోందన్నది కూడా ఈసారి అడగదలిచాం. పాల్గొనడం, మానడం పూర్తిగా మీ ఇష్టం.

ఇట్లు,
వెర్నా డర్న్‌ఫర్డ్,
పరిశోధక నర్సు

ఎల్డన్, పైదంతా అందరికీ పంపేదే. పేర్లు కంప్యూటర్ ఇస్తుంది, నేను సంతకాలు పెడుతూ పోతాను. నీ పేరు దగ్గర చెయ్యి ఆగిపోయింది. ఫోన్ చేస్తే రెండు నిమిషాల్లో నువ్వు అరుస్తావు, మూడో నిమిషంలో నేను అరుస్తాను. అందుకే కాగితం. నేను నర్సింగు చదివేటప్పుడు రాసేవాడివి కదా, అలా రాయి.

వెర్నా


పిట్‌మన్ కోవ్,
అక్టోబర్ 21

అక్కా,

నన్ను "గారు" అన్న మొట్టమొదటి డర్న్‌ఫర్డ్‌వి నువ్వే. నీ మరదలు డార్లీన్ ఆ ఉత్తరాన్ని తీసుకెళ్ళి ఫ్రిజ్ తలుపుకి అంటించింది. పొద్దున లేచింది మొదలు "ఎల్డన్ గారూ, చెత్త బయట పెట్టండి, ఎల్డన్ గారూ, బూట్లు విప్పి లోపలికి రండి" అని నన్ను కాల్చుకు తింటోంది.

నా జవాబు: వద్దు. ఇంకోసారి అడిగినా వద్దు.

నాకిప్పుడు నలభై ఒకటి. నాన్నని దాటేశాను. ఆయన రేవులో వల బాగుచేస్తూ చేస్తూ పక్కకి ఒరిగిపోయినప్పుడు నేను పక్కనే ఉన్నాను, తొమ్మిదేళ్ళ వాణ్ణి. ఆటపట్టిస్తున్నాడనుకుని వల విసిరి మీద కప్పాను. అది నేనెప్పుడూ మర్చిపోను. అన్న కాల్విన్ పోయినప్పుడు ఐస్ రింక్ బెంచీ మీద నేనే ఉన్నాను. ఈ జబ్బు గురించి నాకు మీ డాక్టర్ల కంటే ఎక్కువే తెలుసు. ఉందని తేలిందనుకో, ఏం చేస్తారు? పీతల పడవ దిగమంటారు. పడవ దిగిన ఎల్డన్ డర్న్‌ఫర్డ్ ఏం చేస్తాడు? కిటికీ దగ్గర కూర్చుని పక్కవాళ్ళ పడవలు లెక్కపెడతాడు. లేదని తేలిందనుకో, ఇన్నేళ్ళూ దేనికి భయపడ్డానని నవ్వుకోవాలి. రెండూ నాకక్కర్లేదు.

ఒక్కటి అడుగుతాను. నీకూ అదే నాన్న. నువ్వు చేయించుకున్నావా?

ఎల్డన్


సెయింట్ జాన్స్,
నవంబర్ 6

ఎల్డన్,

నీ కాగితాలు ఇక నా దగ్గర లేవు, వేరే నర్సుకిచ్చేశాను. సొంత తమ్ముణ్ణి ఒప్పించడం మా నియమాల ప్రకారం తప్పు. ఎవరినీ ఒప్పించకూడదు, తమ్ముణ్ణి అసలు ఒప్పించకూడదు. కాబట్టి ఈ ఉత్తరం నర్సు రాస్తున్నది కాదు.

ఈ పరిశోధన ఎందుకు మొదలైందో చెప్తాను. ద్వీపం ఉత్తర భాగం నుంచి ఒకావిడ వచ్చేది. ఆవిడకి ఛాతీలో పరికరం అమర్చాం. గుండె లయ తప్పగానే అది షాక్ కొట్టి దారిలో పెడుతుంది. ఆవిడ్ని రెండుసార్లు బతికించింది. మేమంతా సంబరపడ్డాం. ఏడాది తర్వాత వస్తే పరికరం భేషుగ్గా ఉంది, ఆవిడ మాత్రం సగమైపోయింది. "మేడమీదకి వెళ్ళి ఎనిమిది నెలలైందమ్మా. మెట్ల మీద ఉన్నప్పుడే మొదటిసారి కొట్టింది" అంది. ప్రతిసారీ ఆవిడ గుండె గీతలు చూశాం కానీ, మెట్లెక్కుతున్నావా అని ఒక్కసారీ అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాం.

నా మేనకోడలు బ్రెన్నా ఎలా ఉంది? హాకీ జట్టులో గోల్‌కీపర్‌గా మళ్ళీ తననే తీసుకున్నారా? పుట్టినరోజుకి పంపిన చేతితొడుగులు సరిపోయాయో లేదో చెప్పమను. డార్లీన్‌కి నా ముద్దులు.

వెర్నా


పిట్‌మన్ కోవ్,
డిసెంబర్ 12

అక్కా,

మూడు పేజీలు రాశావు. మెట్లావిడ గురించి రాశావు, చేతితొడుగుల గురించి రాశావు. నేనడిగిన ఒక్క ప్రశ్న మాత్రం చేపలా జారిపోయింది. నేనూ మొండివాణ్ణే. చేయించుకున్నావా, లేదా?

ఇక్కడి సంగతులు. ఈ ఏడు నాకు మూస్ దుప్పి వేటకి అనుమతి వచ్చింది. పెద్ద మగ మూస్ పడింది, ఫ్రీజర్ మూత పడటం లేదు. నీ వాటా క్రిస్మస్‌కి ఎవరైనా అటు వస్తుంటే పంపుతాను. పోయిన వారం షెడ్డులో కాలు జారి పడ్డాను, నుదుటి మీద నాలుగు కుట్లు. డార్లీన్ "ఇప్పుడే కాస్త మనిషిలా కనిపిస్తున్నావు" అంది.

బ్రెన్నాకి చేతితొడుగులు సరిపోయాయి. హాకీ మాత్రం మానేసింది. మొన్న ఉన్నట్టుండి సామానంతా సంచీలో కట్టి అటక మీద పెట్టేసింది. ఎందుకే అంటే "ఊరికే" అంటుంది. కోచ్ ఇంటికొచ్చి బతిమాలాడు. "ఊరికే సార్" అంది ఆయనతోనూ. పదిహేడేళ్ళ ఆడపిల్ల మనసులో ఏముందో ఎవడికి తెలుసు. బడి అవగానే ఇంటికొచ్చి నా వెంట తిరుగుతోంది. కట్టెలు కొడుతుంటే పక్కన కూర్చుంటుంది. నాకు బాగానే ఉంది కానీ, వింతగానూ ఉంది.

ఎల్డన్


సెయింట్ జాన్స్,
జనవరి 4

తమ్ముడూ,

చేయించుకున్నాను. పదకొండేళ్ళ క్రితం. నాకు లేదు.

ఈ రెండు ముక్కలు రాయడానికి మూడు కాగితాలు చింపాను.

ఫలితం వచ్చిన రోజు ఆసుపత్రి బయట కారులో కూర్చుని పిచ్చిదానిలా నవ్వాను. ఆ నవ్వు మధ్యలో కాల్విన్ గుర్తొచ్చాడు, ఆ తర్వాత నువ్వు. ముగ్గురం ఒక్క కడుపున పుట్టాం. ఒకడు పోయాడు, ఒకడి సంగతి తెలీదు, ఊరు వదిలి పట్నంలో వెచ్చగా కూర్చున్న నాకు ఏమీ లేదట. ఆ వారం బ్రెన్నా ఆరో పుట్టినరోజు. నీకు చెప్దామనే వచ్చాను. నువ్వు దాన్ని భుజాల మీద ఎక్కించుకుని కొండ మీదకి పరిగెత్తావు. కింద నిలబడి నీ ఊపిరి లెక్కపెట్టాను, ఎల్డన్. చెప్పలేకపోయాను. తర్వాతి ఏడాది చెప్పడం ఇంకా కష్టమైంది. ఆ తర్వాత, ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదని అడుగుతావని చెప్పలేదు.

చెప్పేశాను. ఇక నీ వంతు. షెడ్డులో నేల చెక్కనేల. నాన్న వేసింది. ఇన్నేళ్ళలో దాని మీద ఎవరూ కాలు జారగా నేను చూడలేదు. నువ్వు జారావా, లేక కళ్ళు తిరిగాయా?

అక్క


పిట్‌మన్ కోవ్,
ఫిబ్రవరి 15

అక్కా,

నీ ఉత్తరం అయిదు వారాలు సొరుగులో పడేశాను. అబద్ధం చెప్పను, చదవగానే నాకు ఈర్ష్య పుట్టింది. కుళ్ళు. నీకెందుకు లేదు, నాకెందుకు ఉండాలి అని. నాకు ఉందో లేదో తెలీకుండానే! అప్పుడర్థమైంది, నాకు తెలుసునని. ఎప్పట్నుంచో తెలుసు.

జారలేదు. కళ్ళు చీకట్లు కమ్మాయి, అంతే, లేచేసరికి నుదుటి మీద రక్తం. అది రెండోసారి. మొదటిసారి సెప్టెంబర్‌లో. నేనూ బ్రెన్నా చిన్న పడవలో కాడ్ చేపలకి వెళ్ళాం. మాట్లాడుతూ మాట్లాడుతూ పడిపోయానట. తెలివి వచ్చేసరికి నా తల దాని ఒళ్ళో ఉంది, ఒక చేత్తో నా గడ్డం పట్టుకుంది, రెండో చేత్తో మోటారు నడుపుతోంది. రేవు దగ్గరికి వచ్చేశాం. దాని మొహంలో పిసరంత రంగు కూడా లేదు. నేనేమన్నానో తెలుసా? "అమ్మకి చెప్పకు." అదీ తండ్రిగా నేను చేసిన పని. అది అయిదు నెలలు ఆ మాట నిలబెట్టుకుంది.

మొన్న ఆదివారం భోజనాల దగ్గర డార్లీన్ మళ్ళీ హాకీ సంగతి ఎత్తింది. "వసంతంలో ప్రాంతీయ పోటీలే, వెళ్ళవే" అంది. బ్రెన్నా ఉప్పు మాంసం ముక్క కోస్తూ కోస్తూ కత్తి కింద పెట్టింది.

"షెడ్డులో నాన్న పడ్డప్పుడు నేను ప్రాక్టీసులో ఉన్నానమ్మా" అంది.

"అయితే?"

"అయితే, నేను లేనప్పుడు పడ్డాడు."

అంతే అంది. డార్లీన్ నావైపు చూసింది. ఇరవై ఏళ్ళ కాపురంలో నన్నలా చూడలేదు. పడవ సంగతి నేనే చెప్పాను. డార్లీన్ అరవలేదు. అరిస్తే బావుండేది. లేచి వచ్చి పిల్ల తల తన పొట్టకి ఆనించుకుని చాలాసేపు నిలబడింది.

నాకు భయం లేదు లేదు అనుకుంటూ, ఉన్న భయమంతా తీసి ఆ పిల్ల నెత్తిన పెట్టానక్కా. అది నా జబ్బుకి కాపలా కాస్తోంది.

ఎప్పుడు రమ్మంటావు?

ఎల్డన్


సెయింట్ జాన్స్,
ఫిబ్రవరి 22

ఎల్డన్,

మార్చి 3, పొద్దున తొమ్మిదిన్నర. డాక్టర్ నోవాక్ చూస్తుంది. మాట తక్కువ మనిషి, పనిలో గట్టిది. ఆవిడ అడిగిన ప్రతిదానికీ నిజం చెప్పు. "కాస్త కళ్ళు తిరిగాయి" అనకు, "తెలివి తప్పి పడిపోయాను" అను. కారు డార్లీన్ నడపాలి, నువ్వు కాదు. ఇందులో వాదన లేదు. పరీక్షలకి మూడు రోజులు పడుతుంది, మంచం నా ముందుగదిలో వేశాను. బ్రెన్నాకి చెప్పు, ఆ మూడు రోజులూ నాన్న కాపలా అత్తదని.

నీ ఈర్ష్య గురించి రాసినందుకు సంతోషించాను. నిజంగా. పదకొండేళ్ళుగా నేను భయపడింది దానికే. తీరా చూస్తే, అంత చచ్చేంత భయపడాల్సిందేమీ కాదది.

వెర్నా


పిట్‌మన్ కోవ్,
మే 18

అక్కా,

మార్చిలో నా ఛాతీలో పెట్టిన డబ్బా బానే ఉంది. పెట్టిన చోట మానింది. మీరంతా "పరికరం" అంటారు, ఇక్కడ అందరూ డబ్బా అనే అంటున్నారు. "ఎలా ఉంది ఎల్డన్" అని ఎవరూ అడగరు, "డబ్బా ఎలా ఉంది" అంటారు.

ఎడమ చెయ్యి ఇప్పుడిప్పుడే భుజం దాటి లేస్తోంది. పీతల సీజన్ సగమైంది. పడవ డార్లీన్ తమ్ముడు రాయ్ నడుపుతున్నాడు. బాగా నడుపుతున్నాడు, అదే నా బాధ. నేను చెప్పినట్టే అయింది, కిటికీ దగ్గర కూర్చున్నాను. పొద్దున రేవులో ఇంజన్లు మొదలవగానే రేడియో పెద్దగా పెడతాను.

మీ ప్రశ్నల కాగితం వచ్చింది. "గత రెండు వారాల్లో దేని మీదా ఆసక్తి లేకపోవడం మీకు ఎన్ని రోజులు అనిపించింది?" ఒక్క రోజూ లేదు. "మీరు మీ కుటుంబానికి భారమయ్యానని అనిపించిందా?" లేదు. అన్నిటికీ వరసగా లేదు లేదు అని టిక్కులు పెట్టి, కవరు అతికించబోతుంటే డార్లీన్ లాక్కుంది.

"ఎవడు పూర్తిచేశాడు దీన్ని? మా తమ్ముడా?" అంది. ఎర్ర పెన్ను తెచ్చుకుని నా ఎదురుగా కూర్చుంది. ఒక్కొక్కటీ కొట్టేస్తూ, "నిన్న సూప్ తినకుండా పారబోసిందెవరు? అది రాయి. పొద్దున అయిదింటికే లేచి గోడ చూస్తూ కూర్చునేదెవరు? రాయి" అని నా చేత అన్నీ మార్పించింది. చివరికి ఆ కాగితం యుద్ధభూమిలా ఉంది. అలాగే పంపిస్తున్నాను. అందులో ఎర్రదే నిజం.

ఎల్డన్


సెయింట్ జాన్స్,
మే 30

తమ్ముడూ,

నీ కాగితాలు నేను చూడకూడదు, చూడలేదు. కానీ మా ఆఫీసులో కవరు తెరిచిన పిల్ల పగలబడి నవ్వి, వెంటనే నవ్వు ఆపేసింది. అది మాత్రం చూశాను.

నీకో ఫోన్ వస్తుంది. డబ్బా పెట్టించుకున్నవాళ్ళని రెండు వర్గాలుగా చేస్తున్నాం. సగం మందికి ఇప్పుడున్న వైద్యమే. మిగతా సగం, దానితో పాటు, వారానికోసారి ఒకచోట కలుసుకుంటారు. ఎవరు ఎందులోకన్నది లాటరీ. ఇలా కలుసుకోవడం వల్ల మేలు జరుగుతుందో లేదో మాకింకా తెలీదు. తెలిస్తే పరిశోధనే అక్కర్లేదు. నీకు ఏది వచ్చినా, డాక్టర్ నోవాక్ ఒక మాట చెప్పమంది: మనసు బాలేదని చెప్పుకోవడానికి లాటరీ అవసరం లేదు, ఎప్పుడైనా ఫోన్ చెయ్యమని. చెయ్యి. మొండితనం కాసేపు పక్కన పెట్టి చెయ్యి.

వెర్నా


పిట్‌మన్ కోవ్,
జులై 27

అక్కా,

కొట్టింది.

జూన్ 19న. రేవులో రాయ్‌తో తాడు చుడుతున్నాను. తల తేలిపోయింది, వెంటనే గుర్రం ఛాతీ మీద తన్నినట్టు ఒక దెబ్బ. కూలబడ్డాను. నాన్న ఒరిగిన చోటికి పది అడుగుల దూరం కూడా ఉండదు. కానీ నేను కళ్ళు తెరిచాను. రాయ్ ఏడుస్తున్నాడు, మీద సముద్రపు కాకులు అరుస్తున్నాయి. ఆయన చూడలేని తర్వాతి నిమిషం నేను చూస్తున్నానని అనిపించింది. అంత మామూలు నిమిషం అది.

బతికినందుకు గెంతాలి కదా. రెండు వారాలు కుర్చీలోంచి లేవలేదు. తాడు చూస్తే చెమటలు. మీ మెట్లావిడ గుర్తొచ్చింది. అప్పుడే డాక్టరుకి ఫోన్ చేశాను, నువ్వు చెప్పినట్టు. ఆవిడ మాట్లాడింది. ఈలోగా లాటరీలో నాకు వారం వారం కలిసే గుంపు వచ్చింది. డార్లీన్ దాదాపు ఈడ్చుకెళ్ళి పక్క ఊరి చర్చి హాలు ముందు దింపింది.

ఏడుగురం. ఏమేం చెప్పుకుని ఏడవాలో అని వెళ్ళాను. వాళ్ళు పేకాడుతున్నారు. ఆల్బన్ మామయ్యని ఎరుగుదువు కదా, స్కూలు బస్సు నడిపేవాడు, అరవై ఆరేళ్ళు. ఆయనకీ డబ్బా ఉందని నాకిప్పటిదాకా తెలీదు. నన్ను ఎగాదిగా చూశాడు.

"ఎన్నిసార్లు తన్నిందిరా?"

"ఒక్కసారి."

"ఒక్కసారికే ఇంత మొహమా? నాకు నాలుగు. మొదటిదాని తర్వాత ఆర్నెల్లు నేను స్నానం చెయ్యలేదు. నీళ్ళ కింద ఉన్నప్పుడు కొట్టింది మరి."

"ఇంట్లో ఎలా భరించారు మామయ్యా?"

"భరించలేదు. అందుకే చేశాను. కూర్చో, పేక పంచు."

నవ్వాను. మార్చి తర్వాత అదే నవ్వడం. టీ అయ్యాక ఎవరి సంగతులు వాళ్ళు చెప్పారు, చెప్పనివాళ్ళు ఊరుకున్నారు. నేను మూడో వారం చెప్పాను, నాన్న మీద వల కప్పిన సంగతి. అది నీకు తప్ప ఎవరికీ, డార్లీన్‌కి కూడా చెప్పలేదు. ఆల్బన్ మామయ్య నా కప్పులో ఇంకాస్త టీ పోశాడు. ఇప్పుడు రేవుకి వెళ్తున్నాను. మొన్న రాయ్‌తో పడవెక్కాను, కూలీవాడిలా, చుక్కాని వాడిదే. ఫర్వాలేదు. నీళ్ళ మీద ఉన్నాను.

మీ లాటరీ పరిశోధన ఆపెయ్యొచ్చు. గుంపు మంచిదే. నాకు తెలుసు. నీ ఒక్కడికి తెలిస్తే చాలదంటావు, అదీ తెలుసు.

అసలు సంగతి ఇది. బ్రెన్నాకి మొన్న పద్దెనిమిది నిండాయి. అటక ఎక్కి హాకీ సంచీ దింపుకుంది. తర్వాత నా దగ్గరికొచ్చి, "రక్తం ఇస్తాను నాన్నా" అంది. నేను వద్దనలేదు, సరే అనలేదు. "నీ ఇష్టం, తొందరేమీ లేదు" అన్నాను. అప్పటికే నిర్ణయించేసుకుంది. ఒక్క షరతు పెట్టింది, దాని మాటల్లోనే రాస్తున్నాను:

"నాకు ఉంటే ఏం చెయ్యాలో నీకు తెలుసు. లేకపోతే ఏం చెయ్యాలో అత్తకి తెలుసు. గదిలో ఇద్దరూ ఉండాలి."

నర్సుగా కాదట. అత్తగా. వస్తావా?

ఎల్డన్


సెయింట్ జాన్స్,
సెప్టెంబర్ 4

తమ్ముడూ,

మీ కారు మలుపు తిరిగాక కూడా చాలాసేపు గుమ్మంలోనే నిలబడ్డాను. ఆ గదిలో జరిగింది నీకు తెలుసు, నువ్వక్కడే ఉన్నావు. కానీ నేను కూర్చున్న కుర్చీలోంచి కనిపించింది నీకు తెలీదు.

డాక్టర్ నోవాక్ కాగితం ఇటు తిప్పి "లేదు" అన్నప్పుడు డార్లీన్ రెండు చేతుల్తో మొహం కప్పుకుంది. నేను బ్రెన్నానే చూస్తున్నాను. అది నవ్వలేదు. దాని చూపు తిన్నగా నీ చొక్కా ఎడమ జేబు మీదకి, ఆ డబ్బా మీదకి వెళ్ళింది. ఆ చూపు నాకు తెలుసు. పదకొండేళ్ళు అద్దంలో చూశాను. ఇప్పుడు నేను మాట్లాడాలి, నన్ను పిలిచింది ఇందుకే అనుకున్నాను. రెండు వారాలుగా మాటలు కూర్చుకుని వచ్చాను. కానీ దాని మాటే ముందు వచ్చింది.

అది మెల్లిగా "సారీ నాన్నా" అంది.

నువ్వు ఒక్కసారిగా లేచావు. "సారీ ఏంటే పిచ్చిమొద్దూ? నేను ఇన్నాళ్ళూ కోరుకున్నది ఇదొక్కటే! అరు, గెంతు! నీకు చేతకాకపోతే నేను గెంతుతాను!" అని నిజంగానే గెంతావు, ఆ డబ్బాతో. డాక్టర్ నోవాక్ "మిస్టర్ డర్న్‌ఫర్డ్, కూర్చోండి" అంటూ తనే నవ్వేసింది. అప్పుడు ఏడ్చింది పిల్ల. వెక్కి వెక్కి, నవ్వుతూ. పక్క గది నర్సులు తలుపు తీసి తొంగిచూశారు.

దాని తల మీదుగా నావైపు చూసి అన్నావు కదా, "నీక్కూడా అంతే అక్కా. పదకొండేళ్ళు ఆలస్యంగా చెప్తున్నాను" అని. రాత్రి నాకు నిద్ర పట్టింది, తెల్లారేదాకా.

ఇవాళ పొద్దున బృందం సమావేశంలో ఒక మాట అడిగాను. జబ్బుందని తేలినవాళ్ళకి మన దగ్గర డాక్టరుంది, డబ్బా ఉంది, ప్రశ్నల కాగితాలున్నాయి, గుంపుంది. లేదని తేలినవాళ్ళని అయిదు నిమిషాల్లో చేతులు కలిపి ఇంటికి పంపేస్తున్నాం. వాళ్ళని మనం ఎప్పుడైనా ఏమైనా అడిగామా అని. డాక్టర్ నోవాక్, "సోమవారానికి ప్రశ్నలు రాసి తీసుకురా వెర్నా" అంది.

ఇందాకట్నుంచీ రాస్తున్నాను. మొదటి ప్రశ్న కుదిరింది: "మీకు ఈ జబ్బు లేదని తెలిశాక, ఆ సంగతి ఇంట్లో మొదట ఎవరికి చెప్పారు?" దాని కింద భర్త, భార్య, తల్లి, తండ్రి, తోబుట్టువులు అని వరసగా గళ్ళు గీశాను. అట్టడుగున ఇంకొక గడి గీసి, "ఎవరికీ చెప్పలేదు" అని రాశాను.

ఆ గడిలో టిక్కు పెట్టడానికి ఇక నాకు వీల్లేదు, ఎల్డన్.

అక్క